కంపెనీ దగ్గర లేని తాళంచెవి

2019 జనవరి 31 రాత్రి నందిగామ మండలం ఐతవరం దగ్గర జాతీయ రహదారి పక్కన ఒక కారు దొరికింది. లోపల మృతదేహం. తాగి బండి నడిపి రోడ్డు దిగిపోయిన ప్రమాదమని ఎవరైనా అనుకునేలా అన్నీ అమర్చి ఉన్నాయి. చనిపోయింది కోస్టల్ బ్యాంక్ ఛైర్మన్‌గా పనిచేసిన వ్యాపారవేత్త చిగురుపాటి జయరాం. నందిగామ పోలీసులు ఆ ప్రమాదం కథను నమ్మలేదు. టోల్‌గేట్ల దగ్గర కెమెరాలు చూశారు, కాల్ డేటా తెప్పించారు. హత్య హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో జరిగిందని తేలాక కేసు తెలంగాణ పోలీసులకు వెళ్లింది. కాల్ డేటా తవ్వేకొద్దీ ప్రధాన నిందితుడు రాకేశ్ రెడ్డితో మాట్లాడిన పోలీసు అధికారుల నంబర్లూ బయటపడి, వాళ్ల పేర్లు కూడా కేసులోకి ఎక్కాయి. చివరికి 2023 మార్చిలో నాంపల్లి కోర్టు రాకేశ్ రెడ్డి ఒక్కడికే యావజ్జీవ శిక్ష వేసింది.

ఈ కేసును ఇక్కడ ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఫోన్ తాళం తీయలేక పోలీసులు చేతులెత్తేస్తున్నారు కాబట్టి, తాళం తీసిపెట్టి తీరాలని కంపెనీలను చట్టంతో కట్టడి చేయాలన్న వాదన పదేళ్లుగా వాషింగ్టన్‌లో, లండన్‌లో, ఢిల్లీలో వినిపిస్తూనే ఉంది. ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలో ఇటీవలి కాలంలో పెద్ద సంచలనం రేపిన హత్య అది. దాంట్లో మొదటి దారి చూపించింది టోల్‌గేటు కెమెరా, టెలికాం కంపెనీ దగ్గర మామూలుగా ఉండే కాల్ రికార్డు. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఏ టవర్ కింద ఉన్నారు అన్న సమాచారం ఈరోజుకీ చట్టప్రకారం అడిగితే దొరుకుతుంది. దానికి ఎన్‌క్రిప్షన్ అడ్డం కాదు.

అడ్డం వచ్చేది ఫోన్ లోపలికి వెళ్లాలన్నప్పుడు. నందిగామ బజార్లోనో జగ్గయ్యపేటలోనో ఏ సెల్‌ఫోన్ షాపుకి వెళ్లినా పాటర్న్ మర్చిపోయిన ఫోన్‌ని కాసేపట్లో వాడకానికి తెచ్చి ఇస్తారు. అయితే చెయ్యి పెట్టేముందు కుర్రాడు ఒక మాట అడుగుతాడు: ‘డేటా మొత్తం పోద్ది, పర్లేదా అన్నా?’ ఫోన్ బతుకుతుంది, అందులోని ఫొటోలు, మెసేజ్‌లు పోతాయి. పోలీసులకు కావలసింది సరిగ్గా అవే. 2014లో ఐఓఎస్ 8 వచ్చినప్పటి నుంచి ఐఫోన్‌లోని సమాచారాన్ని విప్పే కీ యజమాని కొట్టే పాస్‌కోడ్‌తో, ఫోన్ లోపలి చిప్‌తో ముడిపడి ఉంటుంది. ఆండ్రాయిడ్ కూడా ఆ దారిలోనే వచ్చింది. ఆరంకెల పాస్‌కోడ్‌కి పది లక్షల అవకాశాలు. మెషిన్‌తో వరసగా కొట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది గానీ, తప్పు కొట్టేకొద్దీ ఫోన్ ఇంకా ఇంకా ఎక్కువసేపు ఆగమంటుంది. సెట్టింగ్ పెట్టుకుంటే పదోసారికి మొత్తం చెరిపేసుకుంటుంది. ఆ కీ కంపెనీ ఆఫీసులో ఏ బీరువాలోనూ లేదు. కాబట్టి ప్రభుత్వం కంపెనీని ‘తెరువు’ అని ఆదేశించడమంటే, లేని తాళంచెవిని కొత్తగా చేయించడమే. ఒక ఫోన్‌కి చేసిన చెవి ఆ మోడల్ ఫోన్లన్నిటికీ పడుతుంది.

మన చట్టానికి ఈ తేడా తెలుసు. సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ కింద కేంద్రంగానీ రాష్ట్రంగానీ డీక్రిప్షన్‌కి ఆదేశించవచ్చు, సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. ఆ సెక్షన్‌కి అనుబంధంగా 2009లో వచ్చిన నిబంధనల్లో 13వది మాత్రం, కంపెనీ తానే ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారానికి, లేదా కీ తన ఆధీనంలో ఉన్న సమాచారానికి మాత్రమే ఈ బాధ్యత వర్తిస్తుందని గీత గీసింది. మంచి గీత అది. 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు దాని పక్కనుంచి నడిచాయి. మెసేజ్‌ని మొదట పంపిందెవరో పెద్ద మెసేజింగ్ కంపెనీలు చెప్పగలగాలన్నాయి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ బద్దలు కొట్టమంటే దేశంలో వాట్సాప్ ఉండదని 2024 ఏప్రిల్‌లో ఆ కంపెనీ న్యాయవాది కోర్టులోనే చెప్పేశారు. బెదిరింపనుకోండి, నిజమనుకోండి, వాట్సాప్ యజమాని మెటా వ్యాపార ప్రయోజనాల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. మన సమాచారంతో వ్యాపారం చేసుకునే సంస్థ మన గోప్యత కోసం కన్నీళ్లు పెట్టుకుంటే నవ్వొస్తుంది కూడా. అయినా వాదన ఎవరి నోటి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి అది తప్పైపోదు.

అమెరికాలో ఈ తగాదా ముదిరింది 2016లో. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 2015 డిసెంబరులో జరిగిన కాల్పుల్లో 14 మంది చనిపోయారు. హంతకుడి ఐఫోన్ 5సీ తెరవడానికి వీలుగా కొత్త సాఫ్ట్‌వేర్ రాసివ్వమని ఫిబ్రవరిలో కోర్టు ఆపిల్‌ని ఆదేశించింది. అందుకు ఆధారంగా చూపిన చట్టం 1789 నాటిది. ఆపిల్ ఒప్పుకోలేదు. నెలన్నర తిరక్కుండానే ఎఫ్‌బీఐ వేరే సంస్థతో ఆ ఫోన్ తెరిపించుకుని కేసు వెనక్కి తీసుకుంది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి తర్వాత బయటికొచ్చింది. ఒక్క ఏడాదిలో దాదాపు 7,800 ఫోన్లు తెరవలేకపోయామని ఎఫ్‌బీఐ చట్టసభకూ ప్రజలకూ చెబుతూ వచ్చింది. 2018లో లెక్కలు సరిచూస్తే అసలు సంఖ్య వెయ్యి నుంచి రెండు వేల మధ్య ఉండొచ్చని తేలింది. ఒకే ఫోన్‌ని మళ్లీ మళ్లీ లెక్కేశారు. అధికారం కావాలని అడిగేవాళ్లు చెప్పే లెక్కను ఒకసారి మనమూ కూడి చూసుకోవాలి.

ఇక మన సంగతి. సరిహద్దులో ఉన్నవాళ్లం కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాల ఫోన్ చరిత్రా మనకి తెలుసు. 2015 జూన్‌లో ‘ఓటుకు నోటు’ కేసు ఆడియో బయటికొచ్చాక, తన ఫోన్‌ని తెలంగాణ ప్రభుత్వం ట్యాప్ చేసిందని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు ఆరోపించారు. ఇక్కడ కేసులు పెట్టారు, సిట్ వేశారు, టెలికాం కంపెనీల నుంచి రికార్డులు రాబట్టడానికి విజయవాడ కోర్టును ఆశ్రయించారు. ఆ రికార్డులు బయటపెట్టకూడదని తెలంగాణ పట్టుబట్టింది. కంపెనీలు అదే కంపెనీలు, టవర్లు అవే టవర్లు. గరికపాడు చెక్‌పోస్టుకి అటువైపు ప్రభుత్వం నోరు మూసుకోమంటుంది, ఇటువైపు ప్రభుత్వం నోరు విప్పమంటుంది. ఫోన్లన్నిటికీ పడే తాళంచెవి ఒకటి తయారైతే దాన్ని ఆడించేది ఎవరు, హైదరాబాదా, అమరావతా, ఢిల్లీయా? ఐదేళ్లకోసారి మారే ప్రభుత్వాల్లో ఏ ప్రభుత్వం?

తర్వాతి అధ్యాయం ఇంకా చేదు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న విభాగం తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి (ఎస్ఐబీ). 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చి ప్రభుత్వం మారింది. ఆ మర్నాటి రాత్రి ఆ ఆఫీసులో హార్డ్‌డిస్కులు ధ్వంసం చేసి ముక్కలు మూసీలో పడేశారన్నది పోలీసుల ఆరోపణ. 2024 మార్చి 10న పంజాగుట్ట స్టేషన్‌లో కేసు పెట్టారు. ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టుల నంబర్లను మావోయిస్టులతో సంబంధాల పేరుతో జాబితాలో చేర్చి అనుమతులు తీసుకున్నారని దర్యాప్తు అధికారులు అంటున్నారు. హైకోర్టు న్యాయమూర్తి ఫోన్ మీద కూడా నిఘా పెట్టారన్న వార్తల మీద హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ఆరోపణలు రుజువు కావలసి ఉంది, నిందితులు కాదంటున్నారు. కానీ ఒక్క సంగతి గమనించాలి. ట్యాపింగ్‌కి మన దగ్గర నిబంధనలు లేక కాదు. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టే హోం కార్యదర్శి సంతకం ఉండాలి, ప్రధాన కార్యదర్శి నాయకత్వంలో సమీక్షా సంఘం రెండు నెలలకోసారి కూర్చోవాలి. సంతకం పెట్టేదీ అధికారే, సమీక్షించేదీ అధికారే. న్యాయమూర్తి ఎక్కడా కనిపించడు. 69వ సెక్షన్ డీక్రిప్షన్ ఆదేశాలకీ ఇదే పద్ధతి. కంచే చేను మేసిందో లేదో కోర్టు తేలుస్తుంది. కంచెకు కాపలా లేదన్నది మాత్రం తేలిపోయింది.

ఈ కేసులోనే ఇంకో మలుపు. ఎస్ఐబీ మాజీ అధిపతి ప్రభాకర్ రావు అమెరికా నుంచి తిరిగొచ్చాక, దర్యాప్తు అధికారులకు ఆయన ఐక్లౌడ్ కావలసి వచ్చింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఫోరెన్సిక్ నిపుణుల సమక్షంలో పాస్‌వర్డ్ రీసెట్ చేయమని ఆయన్ని ఆదేశించింది. ఫోన్లు విన్నారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారి తాళమే ఇప్పుడు ప్రశ్న అయింది. ఇందులోని విధి వైచిత్రి సంగతి వదిలేసి పద్ధతి చూడండి. ఒక మనిషి, ఒక ఖాతా, ఒక కేసు, పైన కోర్టు, పక్కన నిపుణులు. కొత్త తాళంచెవి తయారు చేయమని ఆపిల్‌ని ఎవరూ అడగలేదు. పాస్‌వర్డ్ చెప్పమనడం తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమనడమా కాదా అన్న చిక్కు ఉంది. కర్ణాటక హైకోర్టు 2021లో ఒక రకంగా, ఢిల్లీ సీబీఐ కోర్టు 2022లో ఇంకో రకంగా చెప్పాయి. వేలిముద్ర తీసుకోవడం సాక్ష్యం చెప్పించడం కాదని 1961లోనే సుప్రీంకోర్టు అంది. వేలు పెడితే ఫోన్ తెరుచుకునే రోజు వస్తుందని అప్పుడెవరికి తెలుసు? ఈ చిక్కులన్నీ కోర్టులో వాదించుకోదగ్గవి. నిందితుడికి వకీలు ఉంటాడు, ఆదేశం కాగితం మీద ఉంటుంది. తాళంచెవి రహస్యంగా ప్రభుత్వం దగ్గరే ఉంటే వాదించుకోవడానికి ఏముంటుంది? ఫోన్ తెరిచారన్న సంగతే యజమానికి తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌కి సుద్దులు చెప్పే హక్కు ఎక్కువగా లేదు. 2021 మేలో సీఐడీ అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజును అరెస్టు చేసింది. తన ఐఫోన్ తీసుకుని రికార్డుల్లో చూపలేదని, తన నంబర్ నుంచి ఇతరులకు మెసేజ్‌లు వెళ్లాయని ఆయన ఆరోపించారు. ఎంపీ పరిస్థితే అదైతే చందర్లపాడు పత్తి రైతు ఫోన్ పోలీస్ స్టేషన్ టేబుల్ సొరుగులోకి వెళితే ఎవరిని అడుగుతాడు? ఆ ఫోన్‌లో బ్యాంకు ఓటీపీ వస్తుంది, ఫోన్‌పే ఉంటుంది, పాస్‌బుక్ ఫొటో ఉంటుంది, కూతురి పెళ్లి సంబంధాల మాటలుంటాయి.

2021 అక్టోబరు చివరి వారంలో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయే కుర్రాళ్లను ఆపి, వాట్సాప్ తెరిపించి, సెర్చ్‌లో ‘గంజాయి’ అని కొట్టి చూస్తున్న వీడియోలు బయటికొచ్చాయి. బలవంతమేమీ లేదు, జనమే సహకరిస్తున్నారని అధికారులు చెప్పారు. లాఠీ పట్టుకున్న మనిషి ముందు సహకారం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అదే వారం, అక్టోబరు 27న, పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో సుప్రీంకోర్టు నిపుణుల సంఘాన్ని వేసింది. జాతీయ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన ప్రభుత్వం ఏం చేసినా చెల్లదని ఆ ఉత్తర్వు సారం. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ సొంతూరు వీరులపాడు మండలం పొన్నవరం, నందిగామకు పొరుగే. అంతకుముందు 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లోనూ కృష్ణా జిల్లా మనిషి ఉన్నారు, జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మనవాళ్లని గర్వపడితే సరిపోదు. పెగాసస్ నిపుణుల సంఘం 29 ఫోన్లు పరీక్షించింది, ఐదింటిలో ఏదో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాససేనని తేల్చలేకపోయింది. కేంద్రం సహకరించలేదని సంఘం చెప్పినట్టు 2022 ఆగస్టు 25న కోర్టే వెల్లడించింది. మర్నాడు రమణ పదవీ విరమణ చేశారు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం అడిగినా జవాబు చెప్పని ప్రభుత్వాల చేతికి అన్ని ఫోన్ల తాళంచెవి ఇద్దామా అన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

మన ప్రభుత్వాలు బుద్ధిగానే ఉన్నాయనుకుందాం. చెవి అంటూ ఉన్నాక అది ప్రభుత్వం చేతిలోనే ఉంటుందన్న నమ్మకం లేదు. చట్టబద్ధమైన ట్యాపింగ్ కోసం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉంచిన ఏర్పాటును ఎవరో దొంగచాటుగా వాడుకుని 2004–05లో గ్రీసు ప్రధానమంత్రి ఫోన్‌తో సహా వంద మందికి పైగా పెద్దల సంభాషణలు విన్నారు. 2024లో చైనా హ్యాకర్లు అమెరికా టెలికాం కంపెనీల్లో కోర్టు ఆదేశాలతో ట్యాపింగ్ చేసే వ్యవస్థల్లోకే జొరబడ్డారు. అప్పుడు అమెరికా అధికారులే ప్రజలకు ఇచ్చిన సలహా ఏమిటంటే, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడుకోండని. పదేళ్లు దాని మీద యుద్ధం చేసినవాళ్లు! బ్రిటన్ 2025 జనవరిలో ఐక్లౌడ్‌లోకి దారి ఇమ్మని ఆపిల్‌కి రహస్య నోటీసు ఇచ్చింది. ఆపిల్ దారి ఇవ్వకుండా, ఐక్లౌడ్ కీ యజమాని దగ్గరే ఉంచే అదనపు భద్రతను బ్రిటన్‌లో తీసేసింది. నష్టపోయింది మామూలు వినియోగదారుడు.

ఎదుటి వాదనలో బలం లేదని నేననను. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. చనిపోయినవాడి ఫోన్‌లోనే వేధించినవాళ్ల మెసేజ్‌లుంటాయి, పాస్‌కోడ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తల్లిదండ్రులకు గోప్యత గురించి ఉపన్యాసం ఇవ్వడం క్రూరత్వం. పిల్లల మీద అఘాయిత్యాల కేసుల్లో దర్యాప్తు అధికారి పడే నిస్సహాయతా నిజమే. వాళ్లకు చెప్పగలిగిన జవాబు ఇది: ఇజ్రాయెల్‌కి చెందిన సెలబ్రైట్ లాంటి కంపెనీల పరికరాలతో చాలా ఫోన్లు తెరుచుకుంటున్నాయి, ముఖ్యంగా అప్‌డేట్లు ఆగిపోయిన చౌక ఆండ్రాయిడ్లు, అంటే మన ఊళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉండేవి. ఐక్లౌడ్ బ్యాకప్‌కి అదనపు భద్రత పెట్టుకోకపోతే దాని కీ ఆపిల్ దగ్గరే ఉంటుంది, చట్టప్రకారం అడిగితే ఇస్తుంది. ఇలా కంపెనీ దగ్గర నిజంగా ఉన్న సమాచారాన్ని ఇవ్వడానికి వారాల తరబడి తిప్పించుకుంటే ఆ కంపెనీ మీద జరిమానా వేయాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఇవన్నీ చేశాక కూడా తెరుచుకోని ఫోన్లు కొన్ని మిగులుతాయి. కొన్ని కేసులు ఓడిపోతాం. ఆ నష్టం నిజమైనదే, అది తెలిసే ఈ మాట రాస్తున్నాను.

ఫోన్ తెరవడంలో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి మన దగ్గర చర్చ తక్కువ. తెరవగలిగినవాడు చదవడమే కాదు, రాయగలడు. వరవరరావు నిందితుడిగా ఉన్న భీమా కోరెగావ్ కేసులో, సహనిందితుడు రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి బయటి నుంచి పత్రాలు చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమో విచారణలో తేలాలి. అలాంటి అనుమానం రాకుండా ఉండాలంటే ఫోన్ స్వాధీనం చేసుకున్న చోటే, మధ్యవర్తుల ముందు, అందులోని సమాచారానికి నకలు తీసి హాష్ విలువ కట్టి దాన్ని యజమానికి రాసివ్వాలి. లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కొత్త సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో హాష్ విలువ రాయాలని ఇప్పటికే ఉంది. స్టేషన్ స్థాయిలో దాన్ని స్వాధీనం రోజునే కట్టే ఏర్పాటు కావాలి. ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్లిన రోజు కట్టిన విలువ, మధ్యలో ఫోన్ సొరుగులో ఉన్న రోజులకు సాక్ష్యం చెప్పదు.

కాబట్టి ప్రభుత్వాలు కంపెనీల మెడలు వంచి తాళంచెవులు చేయించకూడదు. 2009 నిబంధనల్లోని ఆ గీతను పార్లమెంటు చట్టంలోకే ఎక్కించాలి. ఒక్కో ఫోన్ తెరవాల్సిన అవసరం వచ్చినప్పుడు మేజిస్ట్రేటు రాతపూర్వకంగా ఆదేశించాలి. ఏ కేసు, ఏ తేదీల మధ్య సమాచారం అన్నది అందులో ఉండాలి. ఇల్లు సోదా చేయడానికి ఉన్నపాటి పద్ధతి ఫోన్ సోదాకి లేకపోవడం వింత. ఇంట్లో కన్నా ఎక్కువ బతుకు ఇప్పుడు ఫోన్‌లో ఉంది.

నందిగామ, జగ్గయ్యపేట శాసనసభ్యులకు ఒక విన్నపం. 69వ సెక్షన్ కింద రాష్ట్ర హోం శాఖ గత ఏడాది ఎన్ని ఆదేశాలిచ్చింది, సమీక్షా సంఘం వాటిలో ఎన్నిటిని తప్పుపట్టింది, జిల్లా పోలీసులు ఎన్ని ఫోన్లు స్వాధీనం చేసుకుని ఎన్ని తిరిగిచ్చారు అన్న ప్రశ్నలు వచ్చే సమావేశాల్లో అడగండి. పేర్లు అక్కర్లేదు, లెక్కలు చాలు. మీ పార్టీ అధికారంలో ఉన్నా అడగండి. రేపు ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు ఆ జవాబు మీకే పనికొస్తుంది. పాఠకులకు కూడా ఒక మాట. చెక్‌పోస్టు దగ్గర బండి డిక్కీ తెరిచి చూపించండి, లైసెన్సు చూపించండి. ఫోన్ అన్‌లాక్ చేసి ఇమ్మంటే మాత్రం ఏ కేసులో, ఎవరి ఆర్డరు మీద అని మర్యాదగా అడగండి. మీ ఫోన్ తీసుకుంటే దాని మోడల్, ఐఎంఈఐ నంబరు రాసిన రసీదు చేతిలో పడేదాకా అక్కడి నుంచి కదలకండి.